పదమూడు వేల వేడి

కర్ణాకర్ మొదటి దెబ్బ చెంప మీద కొట్టాడు, రెండోది నాడెతో. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే ఆ కర్రముక్కకు రెండు కొసల్లోనూ ఇనుప మొనలు. ఉమారాణి మోచేతి దగ్గర చర్మం చీలి నెత్తురు కారింది.

"పదమూడు వేల చిప్పు ఖరాబు చేసినవు కదనే! ఏం ఒత్తినవు చెప్పు!"

ఆమె ఏమీ ఒత్తలేదు. కొత్త కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది. పొద్దటి నుంచి ఇది మూడోసారి. తాను గీసిన కొంగు డిజైన్‌ను మగ్గం అట్టల మీద పొడిచే బెజ్జాల లెక్కలోకి మార్చాలి. సగంలోకి రాగానే ఆగిపోతోంది.

సాయంత్రం ఆరింటికల్లా ఆ డిజైన్ సిద్దిపేట చేనేత సంఘంలో ఉండాలి. ఉంటే ఏడాది డిజైన్ పని ఉమారాణికే అని మేనేజర్ నరహరి మాటిచ్చాడు. ఎనిమిదో ఏట నుంచి ఆమె నూలు కండెలు చుడుతూనే ఉంది, మొదట బాపుకు, తర్వాత మొగుడు కర్ణాకర్‌కు. తన పేరు మీద ఒక పని రావడం ఇదే మొదలు.

కంప్యూటర్ మిషన్ బిగించిన శైలేందర్‌ను కర్ణాకరే పిలిచాడు. అతను వచ్చి డబ్బా విప్పి పకపకా నవ్వాడు. చిప్పు మీది చిన్న పంకా రెక్కల నిండా నూలు దుమ్ము.

"దూది పెట్టెల కూసోబెట్టినవ్ గదన్నా. ఉడకక ఏమైతది? పెద్ద పంకా ఎయ్యి, కిటికీలు తెరువు."

"మగ్గం ఉన్న జాగల పంకానా?" గడప దగ్గరి నుంచి అత్త అంజవ్వ అరిచింది. "గాలి తగిలితే పడుగు పోగులు ఎండి తెగుతయి. నీళ్ళు సల్లి కిటికీలు మూసేది ఎందుకనుకున్నవు కొడుకా?"

"మరి గీడ ఎందుకు పెట్టిన్రు?"

చీరలు చూడటానికి వచ్చేవాళ్ళ కంట్లో పడాలని కర్ణాకరే పెట్టించాడు.

శైలేందర్ దుమ్ము ఊదుతూ అన్నాడు. "కొన్న దినం వదిన ఏడు వేల చిప్పే పెట్టమన్నది. రెండూ చేసే పని ఒక్కటే. గిది ఇరవై అయిదు నిమిషాలల్ల చేస్తది, గది నలభై. కానీ దాని వేడి దీంట్ల సగమే. ఆడోళ్ళ లెక్క మెల్లగ నడిచేది నాకెందుకు అన్నవు గదన్నా నువ్వు!"

కర్ణాకర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఉమారాణికి తెలుసు. శైలేందర్ బండి సందు మలుపు తిరిగేదాకా ఉండి, లోపలికి వచ్చి ఆమె జుట్టు పట్టి మగ్గం గుంజకు తల కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి.

"వాని ముంగట నన్ను నవ్వులపాలు చేస్తివి. నడువు, చాయ్ పెట్టు."

ఆమె లేచింది. పొయ్యి దగ్గరికి పోలేదు. అతను వాకిట్లో బీడీ ముట్టించుకుంటుండగా మగ్గం గది తలుపు మూసి లోపల గడియ పెట్టింది. రెండు కిటికీలూ తెరిచింది. పైన పంకా ఫుల్లుగా తిప్పింది. మళ్ళీ మిషన్ నడిపింది.

నాలుగూ పది.

పావుగంటకు మొదటి పోగు తెగింది. తర్వాత రెండు కలిసి. ఆ చప్పుడు అంజవ్వ చెవి గోడ అవతల నుంచే పట్టింది.

"పడుగు పాయెరా! పంకా ఏసిందిరా!"

తలుపు మీద కాలు పడింది, భుజం పడింది. "తెరువ్! సంపుత నిన్ను! బొక్కలిరగ్గొడ్త!" ప్రతి దెబ్బకూ గడియ మేకులు బయటికి వస్తున్నాయి. ఉమారాణి తెర వైపే చూస్తోంది. ఎనభై నాలుగు శాతం. ఎనభై ఆరు.

తలుపు ఊడి గోడకు కొట్టుకుంది. కర్ణాకర్ ఆమె వైపు రాలేదు. పడుగును చూసి నేరుగా బోర్డు దగ్గరికి చెయ్యి చాపాడు. పంకా స్విచ్చూ మిషన్ స్విచ్చూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. ఆమె ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని బొటనవేలి కింద కండ కొరికింది. అతను రెండో చేత్తో ఆమె తల మీద, చెవి మీద, మెడ మీద గుద్దాడు. ఆమె పన్ను ఒకటి కదిలింది. నోరంతా ఉప్పగా అయింది. ఆ నెత్తురు ఎవరిదో తెలియలేదు. వదలలేదు.

"అవ్వా! కుక్క లెక్క కరుస్తుందే! ఇడిపియ్యే!"

అంజవ్వ పడుగు ముందు కూర్చుని తెగిన పోగులు ముడేస్తోంది. తల తిప్పలేదు.

మిషన్ టింగుమంది. ఉమారాణి దవడలు అప్పుడు విడిచాయి.

అతను చేతికి తువ్వాల చుట్టుకుని తిట్టుకుంటూ దవాఖానకు పోయాడు. ఆమె డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నోరు కడుక్కుని, సంఘానికి నడిచింది.

నరహరి పెన్‌డ్రైవ్ తీసుకుంటూ ఆమె ముఖం చూశాడు. "ఏందమ్మా గిది?"

"సార్, ఆ ఎనక అర్రల పంకా తిరుగుతదా?"

"తిరుగుతది. ఎందుకు?"

"మిషన్ గీడికి తెస్త. కిరాయి నా పైసలల్ల పట్టుకోన్రి."

నరహరి ఆ వెనక గది తాళం చెవి తీసి ఇచ్చాడు.

ఆమె ఆటో మాట్లాడుకుని ఇంటికి వచ్చేసరికి కర్ణాకర్ కట్టు చేతితో అరుగు మీద ఉన్నాడు. ఆమె లోపలికి పోయి వైర్లు పీకి, డబ్బాను పొట్టకు ఆనించుకుని గుమ్మం దాకా వచ్చింది. అతను లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు" అంది.

జరగలేదు. బాగున్న చెయ్యి పైకి లేచింది. ఆటో అతను కిందికి దిగి చూస్తున్నాడు. ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు.

"కొడుతవా? కొట్టు. అందరు చూస్తున్రు" అంది ఉమారాణి. డబ్బా బరువుకు మోచేతి గాయం మళ్ళీ కారుతోంది. కింద పెట్టకుండానే అతన్ని భుజంతో తోసుకుని ఆటో వైపు నడిచింది.