అక్క కుట్టిన అంచు

మా అక్కా బావా ఒకే కప్పు కింద ఉంటారు కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఎందుకు మానేశారో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. మానేసిన సంగతి మాత్రం ఇద్దరూ పొరపాటున కూడా మరిచిపోరు. మధ్యలో నేనున్నాను.

"అమ్మాయ్, కూరలో ఉప్పెక్కువైందని మీ అక్కకి చెప్పు" అంటాడు బావ. అక్క ఎదురుగానే గరిట పట్టుకుని నిలబడి ఉంటుంది.

"నచ్చకపోతే తననే వండుకోమనవే" అంటుంది అక్క.

ఇద్దరికీ చెవులున్నాయి. అయినా నేను మళ్ళీ చెప్పేదాకా వినబడనట్టే ఉంటారు. చెబితే ఎందుకు చెప్పావంటారు, చెప్పకపోతే ఎందుకు దాచావంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నవాడెవడో మా వంటింట్లో ఒక్కపూట కూర్చుని ఉంటాడు.

పోయిన వారం బజారులో బొంతల దుకాణం ఆవిడ నా చేతిపని చూసింది. "ఒక బొంత పైగుడ్డ అంచులతో సహా కుట్టి తీసుకురా. నచ్చితే పనీ నీదే, దుకాణం మీది గదీ నీదే" అంది. గది చూపించింది కూడా. ఒక కిటికీ, ఒక మంచం, తలుపుకి లోపల గడియ. ఆ గడియ వేసుకుని కూర్చుంటే ఎవరి మాటా ఎవరికీ మోయక్కర్లేదు. మెట్లు దిగుతుంటే సంతోషంతో నాకు ఏడుపొచ్చింది.

ముక్కలన్నీ కలిపేశాను. రేపు పొద్దున చూపించాలి. ఇక చుట్టూ కుట్టే అంచుపట్టీలే మిగిలాయి. ఇంతలో బావ తన మందులు తెమ్మని నన్ను బజారుకు తరిమాడు.

"నువ్వెళ్ళిరావే, ఈలోపు అంచులు నేను కుట్టి పెడతాలే" అంది అక్క. ఆ మాటకి నేను పొంగిపోయాను. నాకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పింది తనే.

తిరిగొచ్చి ముందుగదిలో నేలమీద బొంత పరిచాను. మధ్యలో చక్కగా పరుచుకుంది. చుట్టూ అంచులు మాత్రం చంటిపిల్ల గౌను కుచ్చుల్లా పైకి లేచి నిలబడ్డాయి. అరచేత్తో ఒకచోట అణిస్తే ఇంకోచోట లేస్తున్నాయి.

బొంతలు కుట్టడం నేర్పిన మొదటి రోజే అక్క నా వేళ్ళమీద స్కేలుతో ఒక్కటిచ్చి చెప్పిన పాఠం ఇది. "గుడ్డ పక్క వెంబడి టేపు పెట్టి కొలవకే. అక్కడ గుడ్డ చేతుల్లో నలిగి నలిగి సాగిపోయి ఉంటుంది. నడిమధ్యన కొలువు. ఆ కొలతకే పట్టీ కత్తిరించి, సాగిన గుడ్డని దానికి సర్ది గుండుసూదులు గుచ్చు." ఇప్పుడు నేను నడిమధ్యన టేపు పెట్టి చూశాను. అక్క కుట్టిన పట్టీ ఆ కొలతకంటే నాలుగు వేళ్ళు పొడుగుంది. కళ్ళకి గంతలు కట్టినా అక్క ఇలాంటి తప్పు చెయ్యదు.

"పక్కన కొలిచావా అక్కా?"

"ఏమో... తొందరలో..." అని నీళ్ళు నమిలింది. మడతపెట్టిన తువ్వాలునే మళ్ళీ మడతపెట్టింది.

"కావాలనే చేశావు కదూ?"

తువ్వాలు కింద పడేసింది. "అవునే, కావాలనే! నువ్వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడను? గోడలతోనా?"

"నేనూ గోడనేగా నీకు!"

"గోడ కబురు మోయదుగా!"

నాకు ముందు మంటెత్తింది, తర్వాత జాలేసింది. ఆ జాలి అంటేనే నాకు భయం. ఇన్నాళ్ళూ నన్ను ఇక్కడ కట్టిపడేసింది అదే. కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

"విప్పి మళ్ళీ కుడతాను. రేపు వెళ్తాను" అన్నాను.

పడక్కుర్చీలో బావ పేపరు కాస్త దించాడు. "ఏంటమ్మాయ్ గొడవ? మీ అక్క ఏమంటోంది?"

"అక్క మీకు బారెడు దూరంలో ఉంది బావా. మీరే అడగండి."

అలా అనడం అదే మొదటిసారి. బావ పేపరు తిప్పాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. అక్క కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఉక్కిరిబిక్కిరి కానిద్దాం ఇద్దర్నీ అనుకున్నాను. ఒక్కరు నోరు విప్పితే చాలు, రెండోవాళ్ళు జవాబిస్తే చాలు, ఇక నాతో పనుండదు. దారం తర్వాత దారం లాగుతూ కూర్చున్నాను.

అక్క ఆయన వైపు తిరిగింది. "ఏవండీ" అంది.

బావ చేతిలో పేపరు జారిపోయింది.

"ఇది ఇల్లు వదిలి పోతానంటోంది. పోనివ్వకండి."

బావ గొంతు సవరించుకున్నాడు. "నేనెందుకు పోనిస్తానే? ఆ దుకాణం ఆవిడకి నేనే చెప్పొస్తాను, మా పిల్ల రాదని. నువ్వేం గాభరాపడకు."

"పొద్దున్నే వెళ్ళండి మరి. ఇది లేవకముందే."

"లేవకముందే వెళ్తాలే."

ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలని నేను కోరుకోని రోజు లేదు. సగం విప్పిన పట్టీ నా ఒళ్ళో ఉంది. అక్క ఆయన పడక్కుర్చీ దగ్గరకి జరిగింది. వాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు, నా గురించి, నేనక్కడ లేనట్టే.