ఎర్రకారు బావమరిది

గుడ్డను ఎనిమిది మడతలు వేసి, పై మడతకు వేలెడంత పాలిషు ముద్ద రాసుకుని, బావమరిది బానెట్ మీదకు వంగాడు. అరచేయి పూర్తిగా ఆనించాడు. వేళ్ళతో నొక్కితే బరువంతా నాలుగు చుక్కల మీద పడుతుంది, పాత రంగు ఆ బరువు ఓర్చుకోదు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు, కారు వెళ్ళేటప్పుడు గాలి ఏ దారిన పోతుందో ఆ దారినే చెయ్యి నడవాలి. సున్నాలు చుట్టడం కొత్తవాళ్ళ పని. పదిసార్లు రుద్ది గుడ్డ తిప్పి చూసుకున్నాడు. గులాబి రంగు అంటింది. అంటే ఇంకా చచ్చిన రంగే వస్తోంది. ఎండకు వెలిసి సుద్దలా మారిన పై పొర పోయి, గుడ్డకు నికార్సయిన ఎరుపు తగలగానే ఆగిపోవాలి. ఒక్క చెయ్యి ఎక్కువైనా బతికున్న రంగు కూడా పోతుంది.

నిన్న సాయంత్రమే కారంతటికీ నూనె ముద్ద దట్టంగా పట్టించి వదిలేశాడు. ఎండిన రంగు రాత్రంతా దాన్ని తాగింది. రెండు నెలలకొకసారి ఈ కారుకు ఈ సేవ తప్పదు. అతని నడుముకు బెల్టు లేదు, చొక్కాకు గుండీలు లేవు, గుండీలుండే చోట భార్య నాడాలు కుట్టింది. గీత పెట్టే వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదు. పెళ్ళినాటి ఉంగరం పెళ్ళయిన మర్నాడే తీసి డబ్బాలో పెట్టాడు. ఇన్నేళ్ళలో సెలవురోజున కూడా దాన్ని వేసుకున్న పాపాన పోలేదు.

బావమరిది అతని పేరు కాదు. పేరు ఉండేది గానీ దానితో ఇక్కడ ఎవరికీ పని పడలేదు. ఇరవయ్యారేళ్ళ కిందట పెట్టె పట్టుకుని ఈ వర్క్‌షాపు గేటులో అడుగుపెట్టినప్పుడు, యజమాని పనివాళ్ళందరినీ పిలిచి "మా బావమరిది" అని చూపించాడు. అంతే. మెకానిక్కులకు బావమరిది, టైర్లవాడికి బావమరిది, అతనికంటే పదేళ్ళు పెద్దవాడైన ఎలక్ట్రీషియన్‌కు బావమరిదిగారు. కార్లు తెచ్చేవాళ్ళు కూడా "బావమరిది ఉన్నాడా, చేత్తో పాలిషు పెట్టించాలి" అనే అడుగుతారు. ఒకసారి ఒక పెద్దమనిషి "ఇంతకీ నువ్వు ఎవరికి బావమరిదివయ్యా?" అని నిజంగానే తెలియక అడిగాడు. ఇతను "అందరికీనండి" అన్నాడు. షెడ్డంతా విరగబడి నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వకపోతే బాగుండదు కదా.

షెడ్డు మీదే వాళ్ళ గది. కింద థిన్నర్ డబ్బా మూత తీస్తే పైన అన్నం ముద్దలో ఆ వాసన వస్తుంది. కిటికీ తెరిస్తే రేకుల కప్పు, దాని మీద ఎవరో ఎప్పుడో విసిరేసిన టైరు కనిపిస్తాయి. గదికి వేరే దారి లేదు. ఇనప మెట్లు దిగి, షెడ్డు దాటి, గేటు దాటాలి. గేటు తాళం బావ దగ్గర ఉంటుంది. అడిగితే ఇవ్వడని కాదు, ఏనాడూ కాదనలేదు. ఆ అడగడమే ఈయనగారికి చేతకాదు.

ఇవాళ పొద్దున భార్య కాఫీ గ్లాసు చేతికిచ్చి, వదల్లేదు. గ్లాసును ఇద్దరూ పట్టుకునే ఉన్నారు.

"ఇవాళ అడుగుతారా?" అంది.

"అడుగుతాను."

"నిన్నా ఇదే మాట. ఆయన ఎదురుగా నిలబడగానే నీళ్ళు నములుతారు. సాయంత్రం ఆ ఉత్తరం రాసినాయన ఫోన్ చేస్తే నేనేం చెప్పను? మావారు ఇంకా గుడ్డ మడత పెడుతున్నారండీ అని చెప్పనా?"

"ఇవాళ అడుగుతానన్నాను కదా."

ఆమె గ్లాసు వదిలింది.

సముద్రం పక్క ఊళ్ళో ఒకాయన పాత కార్లు పన్నెండు పోగేశాడు. వాటికి కొత్త రంగు వేయించడం ఆయనకు ఇష్టం లేదు. ఉన్న రంగును బతికించే చెయ్యి కావాలి. ఎవరి నోటనో ఇతని సంగతి విని ఉత్తరం రాశాడు. ఒకటో తేదీ నుంచి రమ్మన్నాడు, ఉండటానికి రెండు గదుల ఇల్లు ఇస్తానన్నాడు, శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తానని, అవునో కాదో అప్పుడు చెప్పమని రాశాడు. ఇవాళ శుక్రవారం. భార్య రెండు గదుల సంగతి, సముద్రం సంగతి పదిసార్లు చదివింది. అతను కవరు చదివాడు. కవరు మీద "పాలిషు మేస్త్రిగారికి" అని ఉంది. చేయి తిరిగిన పనివాణ్ణి ఎక్కడైనా మేస్త్రి అంటారు. ఇతన్ని అలా అన్నవాళ్ళు ఇంతవరకు లేరు.

తొమ్మిదిన్నరకు బావ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, భారీకాయం, నిరుడు గుండెకు ఆపరేషన్ అయినప్పటి నుంచి షెడ్డంతా తిరిగే ఓపిక పోయింది. అందుకని రోజూ వచ్చి ఈ ఎర్రకారు డ్రైవరు సీట్లో కూర్చుంటాడు. స్టీరింగు మీద పేపరు పరుచుకుంటాడు. కారు వాళ్ళ నాన్నది. ఇంజను పదకొండేళ్ళ కిందటే మొరాయించింది, బాగుచేయించలేదు. షెడ్డులో గేటుకు ఎదురుగా, అందరూ వచ్చిపోయే చోట అది అలాగే నిలబడి ఉంటుంది. కూర్చున్న చోటి నుంచే బావ అందరి పనీ చూస్తాడు.

బాగుచేసిన టాక్సీ తీసుకెళ్ళడానికి ఒక డ్రైవరు వచ్చాడు. ఎర్రకారు చుట్టూ తిరిగి "నలభై ఏళ్ళ బండంటే ఎవరు నమ్ముతారండీ" అని మెచ్చుకున్నాడు. బావ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి బానెట్ వైపు చూపించాడు.

"గట్టు మీద చూడు. కనిపించిందా? అది మా బావమరిది సంతకం."

బానెట్ మధ్య నిలువుగా ఉబ్బిన గట్టు మీద గోరంత మేర ఎరుపు లేదు. కింది బూడిదరంగు ప్రైమర్ కనిపిస్తుంది. పనిలో చేరిన రెండో నెలలో, ఇరవయ్యేడేళ్ళ వయసులో, ఇంకాస్త మెరుపు తెప్పించి బావను మెప్పిద్దామని అరచేయి తీసి వేళ్ళతో నొక్కాడు. గట్ల మీద, అంచుల మీద రంగు పల్చగా ఉంటుందని అప్పటికి తెలియదు. గుడ్డ తీసేసరికి బూడిదరంగు కనిపించింది. బావ వచ్చి చాలాసేపు చూశాడు. తిట్టలేదు. పైన రంగు చుక్క వేయిస్తానంటే, "నాన్న ఏరికోరి వేయించిన రంగు. దీని మీద ఇంకో రంగు పడదు" అన్నాడు. తర్వాత భుజం మీద చెయ్యి వేసి, "సరేలే. ఇంక ఈ కారు నీది, నువ్వే చూసుకో" అన్నాడు. పై వారమే గది ఇచ్చాడు. ఆ ఏడే అక్క చేత సంబంధం చూపించి పెళ్ళి చేశాడు. జ్వరమొస్తే డాక్టరును గదికే పంపించాడు. కడుపులో చల్ల కదలకుండా చూసుకున్నాడనే చెప్పాలి. ఎప్పుడైనా ఇతను వెళ్ళిపోవాలనుకున్న రోజున మాత్రం, మొహం చూసి కనిపెట్టినట్టు, "నువ్వు పోతే దీన్నెవరు చూస్తారోయ్" అనేవాడు. మళ్ళీ ఏడాది గడిచిపోయేది.

టాక్సీ డ్రైవరు నవ్వి వెళ్ళిపోయాడు. బావమరిది బానెట్ ముగించి డ్రైవరు వైపు తలుపు దగ్గరకు వచ్చాడు. బావ మోచెయ్యి కిటికీ అంచు మీద ఉంది. తుడవడానికి వీలుగా మోచెయ్యి లోపలికి తీసుకున్నాడు. ఇద్దరి మధ్య జానెడు దూరం. ఇప్పుడు అడగాలి. "బావా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, నోరు పెగలలేదు.

బావే మాట్లాడాడు. "ఆ గుడ్డ మార్చు. మురికైంది."

గుడ్డ మురికి కాలేదు. రెండు మడతలు ఇంకా మిగిలే ఉన్నాయి. అయినా మార్చాడు. కొత్త గుడ్డ మడతపెట్టుకుని కారు వెనక్కి, డిక్కీ దగ్గరకు వెళ్ళాడు. అక్కడి నుంచి బావ తల వెనకభాగం మాత్రమే కనిపిస్తుంది. పక్క షెడ్డులో వెల్డింగు మొదలైంది. ఎదురుగా మొహం లేకపోతే మాట్లాడవచ్చని అప్పుడు తోచింది. సగం పైగా రుద్దాక గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఒక మాట. సముద్రం దగ్గర ఊళ్ళో ఒకాయన పనికి రమ్మంటున్నాడు. పాత కార్లట, పన్నెండు. ఇల్లు కూడా ఇస్తాడట. నువ్వు సరేనంటే ఒకటో తారీకుకు వెళ్తాం."

బావ పలకలేదు. నచ్చని మాట వింటే బావ పలకడు, అది అందరికీ తెలిసిందే. ఒకసారి డబ్బా మూత పెట్టడం మరిచినందుకు మూడు రోజులు పలకలేదు. బావమరిది రుద్దుతూనే ఉన్నాడు.

"నువ్వు చేసింది మర్చిపోయి కాదు. గది ఇచ్చావు, పెళ్ళి చేశావు. కాదన్నానా? కానీ నాకు యాభై మూడొచ్చాయి బావా. ఇంకా బావమరిదినే."

డిక్కీ అయిపోయింది. ఎడమ వైపుకు వచ్చాడు. పొద్దుటి ఎండ గేటులోంచి ఇటే పడుతుంది కాబట్టి ఈ పక్క ఎక్కువ వెలిసింది. తల ఎత్తితే కిటికీలోంచి బావ కనిపిస్తాడు. తల ఎత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కిందిభాగం రుద్దాడు. మాటలు అతను అనుకున్నవి కాక వేరేవి వచ్చాయి.

"ఆ మచ్చ ఎంతమందికి చూపించావు? నవ్వుతూనే చూపించావు, అదే నా బాధ. ఆ రోజు తిట్టుంటే మర్నాడే వెళ్ళిపోయేవాణ్ణి. నాలుగు తగిలించినా సరే, వెళ్ళిపోయేవాణ్ణి. నువ్వు తిట్టకుండా నన్ను కట్టేశావు బావా. మా ఆవిడకు సముద్రం చూడాలనుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆ రేకుల మీద టైరునే చూస్తోంది."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అరచేయి మాత్రం గుడ్డ మీద సరిగ్గానే ఉంది. ముందు మడ్‌గార్డు దాకా వచ్చేసరికి గంట గడిచింది. చివరకు బతిమాలుకున్నాడు.

"సరే అనొద్దు. తల ఊపు చాలు. పొమ్మన్నా పోతాను, వద్దన్నా ఉంటాను. ఏదో ఒకటి చెప్పు."

అప్పుడు తల ఎత్తాడు. పేపరు స్టీరింగు మీద అలాగే పరిచి ఉంది. బావ కళ్ళు సగం తెరుచుకుని గేటు వైపు చూస్తున్నాయి. కింది పెదవి జారి ఉంది. అవతలి వైపుకు పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా తగిలింది.

నలుగురు కలిసి దించి, వర్క్‌షాపు వెనకున్న ఇంటి ముందుగదిలో పడుకోబెట్టారు. డాక్టరు వచ్చి చూశాడు. "ఎంతసేపైంది?" అని అడిగాడు. గంట అయి ఉంటుంది, పైనే కావచ్చు అని ఆయనే అన్నాడు. బావమరిది గోడకు ఆనుకుని నిలబడి ఆ గంటను వెనక్కి నడిపించి చూశాడు. గుడ్డ మార్చమన్నాడు. మార్చాడు. డిక్కీ సగం రుద్దాక నోరు విప్పాడు. ఆ మధ్యలోనే పోయాడా? సముద్రం సంగతి విన్నాడా? తిట్టకుండా కట్టేశావన్న మాట చెవిన పడే పోయాడా? ఏడవాలని ఉంది. ఏడిస్తే దేనికి ఏడుస్తున్నాడో తనకే తెలియదు.

సాయంత్రానికి గది నిండా మనుషులు చేరారు. అక్క ఏడ్చి ఏడ్చి అలిసిపోయి అతన్ని దగ్గరకు రమ్మంది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆఖరు నిమిషంలో నువ్వే ఉన్నావు. ఏమన్నారురా? నాకు చెప్పు."

గుమ్మం దగ్గర నిలబడిన భార్య తల ఎత్తి అతని కళ్ళలోకి చూసింది. ఆమె చూపులో ఏముందో అతనికి తెలుసు. ఒక్క మాట చాలు. నన్ను వెళ్ళమన్నాడక్కా, హాయిగా వెళ్ళి బతకమన్నాడు అంటే చాలు. కాదనడానికి ఎవరూ లేరు. అక్క కూడా కళ్ళు తుడుచుకుని, ఆయన మాట నేను కాదంటానా అంటుంది.

అతను గుమ్మం మీంచి చూపు తిప్పుకున్నాడు.

"గుడ్డ మార్చమన్నాడక్కా. మురికైందన్నాడు."

అక్కకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"చూశావా, చివరిదాకా దాని మీదే ధ్యాస. ఆయన పోయినా కారు మాత్రం అలాగే ఉండాలిరా. నీకు తప్ప ఎవరికి అప్పగిస్తాను? నువ్వుండగా నాకు బెంగ లేదు" అని చెయ్యి గట్టిగా నొక్కింది.

"అలాగే అక్కా" అన్నాడు.

భార్య గుమ్మం దగ్గర నుంచి వెళ్ళిపోయింది. కొంతసేపటికి ఆమె దగ్గరున్న ఫోన్ మోగింది. వరండాలో ఆమె గొంతు వినిపించింది. "లేదండీ. ఇంట్లో పెద్దాయన పోయారు." తర్వాత చాలాసేపు అవతలి మాట వింది. "సరేనండి. మీరు మాత్రం ఎన్నాళ్ళు చూస్తారు" అంది. లోపలికి వచ్చి అక్కకు మంచినీళ్ళు ఇచ్చింది. అతని వైపు చూడలేదు, అతనూ అడగలేదు.

చీకటి పడేముందు షెడ్డు తలుపులు వేయాలని ఎవరో అంటే బావమరిదే లేచాడు. షెడ్డులో ఎవరూ లేరు. పాలిషు డబ్బాకు మూత పెట్టాడు. ఎర్రకారు డ్రైవరు తలుపు బార్లా తెరిచే ఉంది, దించే హడావుడిలో ఎవరూ వేయలేదు. వేద్దామని వంగాడు. సీటు గుంట అలాగే ఉంది. పేపరు కిందికి జారింది. తీద్దామని చెయ్యి పెట్టి, అక్కడే ఆగాడు. కింద బ్రేకు మీద, మడమ దగ్గర ఒక పక్కకు అరిగిన బావ కుడికాలి చెప్పు ఒకటి, ఇంకా తొక్కిపట్టినట్టే ఉంది.