ఒక మడత తక్కువ

ఇస్తారి చీర కొసలు రెండూ కలిపి గడ్డం కింద అదిమిపట్టి, చేతులు బారచాపి, సగానికి మడిచాడు. ఒడిలో పెట్టుకుని అరచేత్తో సాపు చేశాడు. దుబ్బాకలో రోజుల తరబడి నేసిన ఆ చీరను, సిద్దిపేట బజారులో జగదీశ్వర్ సేటు దుకాణానికి వచ్చే ఆడవాళ్లు క్షణంలో విప్పి, అంచు బాగాలేదని పక్కన పడేస్తారు. వాళ్లు పడేసినవి మడవడమే ఇస్తారి పని. తల నల్లగా ఉన్నప్పటినుంచి అదే పని. కొనకుండా వెళ్లేవాళ్ల మీద అతనికి కోపం లేదు. అన్నీ కొనేస్తే మడవడానికి ఏం మిగులుతుంది?

మనిషి సన్నం. చీరలు అదిమి అదిమి గడ్డం కింద చర్మం నున్నబడింది. అక్కడ వెంట్రుకలు మొలవడం ఎప్పుడో మానేశాయి.

దుకాణంలో మాటలకు కరువు లేదు. జర్మనీ యుద్ధం మొదలయ్యాక మరీ ఎక్కువయ్యాయి. యుద్ధం ఇంకా సిద్దిపేట దాకా రాలేదు కదా, కొత్త ధర ముందే ఎందుకు వచ్చిందని గిరాకీలు అడిగేవారు. సేటు యుద్ధాన్ని మొదటినుంచి చెప్పేవాడు. చివరికి ఇద్దరూ అలసిపోయి, పాత ధరకూ కొత్త ధరకూ మధ్య ఎక్కడో ఆగేవారు.

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఇస్తారి వెనక కొట్లోకి పోయేవాడు. కిటికీ లేని గది. నేల నుంచి దూలాల దాకా బట్టల మూటలు. తలుపు వేస్తే బజారు మాయమయ్యేది. బండ్ల మోత, బేరాలు, సేటు దగ్గు, అన్నిటినీ ఆ మూటలు పీల్చేసుకునేవి. గంజి వాసనలో అతను చీరలు ఒడిలో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చునేవాడు. పొద్దుటినుంచి తలలో పడ్డ మాటలన్నీ మెల్లగా అడుగుకు దిగేవి.

అతని జీవితంలో తేలిన సంగతులన్నీ అక్కడే తేలాయి. తండ్రి పోయాక దుబ్బాకలో ఉన్న ఒక్క మగ్గం అన్న భూపతి తీసుకున్నాడు. ఇస్తారి అలిగి సిద్దిపేట వచ్చి, ఏళ్ల తరబడి అన్న పేరెత్తలేదు. ఒక మధ్యాహ్నం ఆ కొట్లో, తనకు నేయడం ఎన్నడూ ఇష్టం లేదన్న సంగతి తేటగా కనబడింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం చిన్నప్పటినుంచే గిట్టదు. మరునాడు దుబ్బాక పోయి, అన్న ఇంట్లో జొన్నరొట్టె తిని వచ్చాడు. ఎందుకొచ్చావని అన్న అడగలేదు.

ఒక సోమవారం పొద్దున కొట్టుకు ఆపద వచ్చింది. ఏకాంతంలో మౌనంగా కూర్చుంటే లోపల వెలుగు కనబడుతుందని, సత్రంలో దిగిన ఒక స్వామి సేటుకు చెప్పాడు. అది చెప్పడానికి స్వామికి పూటంతా పట్టింది.

"ఇస్తారీ, ఇగ రోజూ మధ్యాహ్నం నువ్వు అరుగు మీద కూసోని మడువు. కొట్ల నేను మౌనం పట్టి కూసుంట," అన్నాడు సేటు.

"మంచిది సేటు," అన్నాడు ఇస్తారి. చేతిలోని మడత వంకరపోయింది. విప్పి మళ్లీ పెట్టాడు. ఇక ఊరికే ఎక్కడ కూర్చోవాలో అతనికి తోచలేదు.

కొట్లోకి పరుపు పోయింది. బాలీసు, విసనకర్ర, మరచెంబు పోయాయి. తన మౌనం గురించి బజారంతా తిరిగి స్వయంగా చెప్పివచ్చి, సేటు తలుపు వేసుకున్నాడు. వెంటనే చప్పట్లు మొదలయ్యాయి. ఒకసారి కొడితే మంచినీళ్లు, రెండుసార్లు కొడితే తమలపాకులు అని ముందే అనుకున్నారు గాని, కాసేపటికి ఏది దేనికో ఆయనే మరిచిపోయాడు. చేతులు తిప్పుతున్న భర్తను చూసి భారతమ్మ, "నోరు తెరిచి ఒక్క మాటంటే అయిపోతది గదా," అని నిట్టూర్చింది.

మౌనం చూడటానికి ఇరుగుపొరుగు వచ్చారు. సేటు మాట్లాడటం లేదని అరుగు మీద ఇస్తారి అందరికీ చెప్పాల్సి వచ్చింది. ఎందుకు మాట్లాడటం లేదో కూడా చెప్పాల్సి వచ్చింది. ఏడాది మాటలు ఆ పూటే ఖర్చయ్యాయి. రెండు మూడుసార్లు రొమ్ము రుద్దుకున్నాడు.

ఎండ అరుగు దిగకముందే తలుపు తెరుచుకుంది. సేటు ముఖమంతా చెమట.

"ఇందుల ఏం వినవడతలేదు ఇస్తారీ. ఊకె కూసుంటే మా తమ్ముడు యాదికొచ్చిండు. నా పెండ్లిల ఆడు అలిగి పోయింది యాదికొచ్చింది. ఎన్కటియన్నీ ఒక్కొక్కటే వస్తున్నయి. రోజూ ఎట్ల కూసుంటవురా నువ్వు?"

ఇస్తారి ఆలోచించాడు. "వస్తయి సేటు. కూసోనిస్తే కూసుంటయి. జరసేపటికి అవే లేసి పోతయి."

అంత తీరిక తనకు లేదని, కొట్టు ఇస్తారినే ఉంచుకోమని చెప్పి సేటు గల్లా దగ్గరికి పోయాడు. ఎదురైన మొదటి గిరాకీకి యుద్ధం మొదటినుంచి చెప్పడం అందుకున్నాడు.

ఇస్తారి పరుపు చుట్టి మూలన పెట్టి, రోజూ కూర్చునే చోట నేల మీదే కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. ఆ పూట మాట్లాడిన మాటలన్నీ చుట్టూ చేరి, ఒక్కొక్కటే పోయాయి. ఒడిలోని పచ్చంచు చీరను సగానికి మడిచాడు. మళ్లీ సగానికి మడిచాడు. ఇంకొక్క మడత మిగిలి ఉంది. రొమ్ములో నొప్పి కూడా కాసేపు కూర్చుని, లేచిపోయినట్టే అనిపించింది. మూటకు వీపు ఆనించి, చీర మీద చేయి పరిచాడు.

సేటు ఒకసారి తలుపు సందులోంచి చూశాడు. మూసిన కళ్లు, కదలని ఒళ్లు, తేటపడ్డ ముఖం. కొంచెం అసూయ పుట్టింది. "చప్పుడు చెయ్యకు. ఆనికి కుదిరింది," అని భార్యతో గుసగుసగా అన్నాడు. ఆ పూట బేరాలన్నీ గుసగుసల్లోనే సాగాయి. గుట్టుగా చవకకు ఇస్తున్నాడనుకుని గిరాకీలు ఎక్కువే కొన్నారు.

దీపాలు పెట్టే వేళ భారతమ్మ చాయ్ గ్లాసుతో లోపలికి పోయి పిలిచింది. గ్లాసు కింద పెట్టి అతని చేయి పట్టుకుని చూసింది. బయటికి వచ్చి నెమ్మదిగా చెప్పింది.

"అది మౌనం గాదు. ఇస్తారి పోయిండు."

సేటు బేరం మధ్యలోనే వదిలి కొట్లోకి పోయాడు.

కబురందుకుని భూపతి బండి కట్టుకొచ్చి తమ్ముణ్ణి దుబ్బాకకు తీసుకుపోయాడు. ఇస్తారి ఒడిలో ఉన్న ఆ చీర ఇక అమ్మకానికి పనికిరాదని, ఎవరికైనా ఇచ్చేయమని భారతమ్మ అంది. సేటు ఇవ్వలేదు. కొట్లో కూర్చుని, మిగిలిన ఆ ఒక్క మడత తానే వేసి చూశాడు. వంకర వచ్చింది. విప్పి, ఇస్తారి వదిలినట్టే పెట్టాడు. తన తమ్ముడు మళ్లీ యాదికొచ్చాడు. ఈసారి ఆయన లేవలేదు, చప్పట్లు కొట్టలేదు.

మూలన చుట్టిన పరుపు పక్కనే, నేల మీద, పచ్చంచు చీర ఒక మడత తక్కువగా ఉంది.