గాజు సీసా

సీసాలు కడగడం ఆమె వంతే. ఇంట్లో గిన్నెలు, ల్యాబులో సీసాలు. ల్యాబుకి పెద్ద ఆమె మొగుడే కాబట్టి ఆమెది ఉద్యోగం కాదట, సాయమట. చదువుకునే రోజుల్లో కెమిస్ట్రీలో అతని కంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చేవన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఫ్లోరిన్ ఉన్న ఫాస్ఫరస్ ఆమ్లాలు ఆమెకి కొట్టినపిండి. తేమ తగిలితే అవి మెల్లగా విడిపోతాయి. అందులోంచి పుట్టే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తినేస్తుంది, అందుకే ప్లాస్టిక్ సీసాల్లోనే ఉంచాలి. ఒంటి మీద పడిందా, మహా నంగనాచి. మంటా ఉండదు, మచ్చా ఉండదు. కొన్ని గంటలయ్యాక ఎముకలోంచి మొదలవుతుంది నొప్పి.

పోయిన నెల చిరిగిన గ్లౌజులోంచి ఆమె వేలి మీద ఒక చుక్క పడింది. కొత్త గ్లౌజులు దండగన్నది అతనే. సాయంత్రానికి పోటు తట్టుకోలేక పొయ్యి దగ్గరే కూలబడింది. అత్తగారు వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎర్రగా కూడా లేదు. వంట ఎగ్గొట్టడానికి కాకపోతే ఏమిటే ఈ నాటకాలు?"

మొగుడు ఫోనులోంచి తలెత్తకుండా, ఈ సంగతి రిజిస్టర్లో రాయొద్దు, ల్యాబు పరువు పోతుందన్నాడు. ఆ పూట వంట ఆమే చేసింది. తర్వాత గోరు ఊడిపోయింది.

ల్యాబు చూడటానికి పెద్దవాళ్లు వస్తున్నారని రెండు వారాల ముందే అతను ఆ ఆమ్లాన్ని గాజు సీసాలో పోసి బిరడా బిగించాడు. ప్లాస్టిక్‌ది నూనె డబ్బాలా ఉందట. వద్దని ఆమె చెబితే, తనకి కెమిస్ట్రీ నేర్పొద్దన్నాడు.

ఇవాళ నలుగురి ముందూ సీసా ఎత్తి వంచి చూపించాడు. లోపలంతా తెల్లగా మసకబారిన సీసా, మూతి అరిగి వదులైన బిరడా. అరచేతిలోకి కారింది. జేబురుమాలుతో తుడిచేసుకున్నాడు. ఆమె దగ్గరికెళ్లి, వెంటనే కడుక్కోమని, వేలు కాలినప్పటి నుంచి తన జేబులో ఉంచుకుంటున్న విరుగుడు, కాల్షియం మందు, రాసుకోమని చెప్పింది.

"మా ఆవిడకి అన్నిటికీ కంగారే. చూడండి, ఇక్కడేమైనా ఉందా?" అని చెయ్యి చాపాడు. అందరూ నవ్వారు.

ఆమె మందు మళ్లీ జేబులో పెట్టుకుంది. రెండోసారి చెప్పలేదు. భయం వెయ్యాల్సింది, వెయ్యలేదు. ఎన్నాళ్లకో ప్రాణం హాయిగా ఉంది.

సాయంత్రం ఆమె గిన్నెలు తోముతుంటే ముందుగదిలోంచి అతని అరుపులు. అత్తగారు పరుగెత్తుకొచ్చి, వాడి చేతికేమైందో చూడవే అంది. ఆమె తడి చేతులు తుడుచుకుని వెళ్లి, అతని అరచేతిని దీపం కిందికి లాగి, అటూ ఇటూ తిప్పి చూసింది. మందు ఇంకా జేబులోనే ఉంది.

"ఎర్రగా కూడా లేదత్తయ్యా," అంది.