నీలం కోటు ఎవరు వేసుకున్నట్టు?

ఏడింటి వార్తలకు తయారవుతూ, కోటు తొడుక్కోబోయి ఆగిపోయింది ఆమె. నడుం వెనక గుడ్డ నలిగి ఉంది. వేళ్లతో తడిమితే పళ్లు దిగినట్టు క్లిప్పుల గుర్తులు.

ఆ చానెల్లో కోట్లు ఎవరి కొలతకూ కుట్టించినవి కావు. వదులైతే వీపు వెనక గుడ్డంతా పోగేసి క్లిప్పులు పెట్టేస్తారు. ముందునుంచి చూసేవాళ్లకు పోత పోసినట్టు కనిపిస్తుంది. కాన్పుకు ముందు ఆమెకూ అలాగే పెట్టేవారు. ఇప్పుడు క్లిప్పుల మాట దేవుడెరుగు, బొత్తాం పట్టడమే గగనం. మరి, ఏడింటి వార్తలకని ఆమె కోసం విడిగా ఉంచిన ఈ నీలం కోటును ఏ సన్ననడుం వేసుకున్నట్టు?



“మేకప్పక్కా, నా కోటు ఎవరైనా వేసుకున్నారా?”

“నాకేం తెలుసమ్మా, మొహాలకు రంగులేసుకునేదాన్ని! కళ్లు మూసుకో, పౌడరు పడుతుంది.”

అడక్కుండానే అందరి సంగతులూ చెప్పే మనిషి ఇవాళ నీళ్లు నమిలింది. ఇక అనుమానం పురుగులా తొలవడం మొదలుపెట్టింది. నిన్న మెట్ల మీద చీఫ్ ఎదురుపడి నవ్వాడు. ఆయన పళ్లు ఎప్పుడైనా ఎవరైనా చూశారా? కెమెరామన్ పనిగట్టుకుని “పాప బాగుందా?” అని అడిగాడు. ఎందుకడిగినట్టు? పొద్దుటి వార్తలు గడగడా చదివి బుల్లెట్ అని పేరు పడ్డ అమ్మాయి, నిన్నమొన్నటిదాకా అక్కా అక్కా అంటూ వెంట తిరిగిన పిల్ల, ఈమధ్య కనబడగానే పక్కకు జారుకుంటోంది.

వానలూ ధరలూ చదివీ చదివీ, పొద్దుటి బులెటిన్ నుంచి ఏడింటి కుర్చీదాకా పాక్కుంటూ వచ్చింది ఆమె. ఆ కుర్చీ దిగినవాళ్లెవరూ మళ్లీ ఎక్కింది లేదు.

బుల్లెట్‌ను నీళ్ల కూజా దగ్గర పట్టుకుంది.

“ఏమే, నా కోటు నీకు బాగా నప్పిందటగా?”

పిల్ల మొహం పాలిపోయింది. “నీకెవరు చెప్పారక్కా?”

“నువ్వే, ఇప్పుడు.”

“ట్రయల్ తీశారంతే. సోమవారం నుంచి ఏడింటి వార్తలు నన్ను చదవమన్నారు.”

“నా వెనక గోతులు తవ్వుతూ మళ్లీ అక్కా అంటావా?”

“గోతులేంటక్కా! పాపకు సాయంత్రాలు కష్టంగా ఉంది, పొద్దుటికి మార్చమన్నది నువ్వేగా?”

“నేనా? ఎవరితో అన్నాను?”

“నువ్వంటే నువ్వు కాదు, బావగారు. చీఫ్ ఫోన్ చేస్తే ఆయనే ఎత్తారట. నీకు అడగడానికి మొహమాటంగా ఉందన్నారట.” పిల్ల గొంతు తగ్గింది. “నీకు తెలీదా?”

 ఆఫీసులో పలకరించిన ప్రతివాళ్లనీ అనుమానించింది ఆమె. ఇంట్లో మనిషివైపు మాత్రం ఆలోచనే పోలేదు.

తిన్నగా చీఫ్ గదిలోకి వెళ్లింది.

“సార్, నేను పొద్దుటికి మారతాననలేదు.”

“మీ ఆయన చెప్పాడుగా?”

“వార్తలు చదివేది ఆయన కాదు కదా సార్. నన్నడగండి.”

చీఫ్ పెన్ను పక్కన పెట్టాడు. “అడగాల్సిందే, నిజమే. సరే, సోమవారం కూడా నువ్వే. ఇప్పుడు పరిగెత్తు, టైమవుతోంది.”

వార్తలు చదివి ఇంటికి వచ్చేసరికి భర్త పాపను భుజాన వేసుకుని తిరుగుతున్నాడు.

“ఇవాళ కాస్త తడబడ్డావేంటి?”

“మా చీఫ్ ఎప్పుడైనా ఫోన్ చేశారా?”

“ఆయన నాతో ఏం మాట్లాడతాడు?” అన్నాడు, రెప్ప వాల్చకుండా.

ఎంత బాగా చదివాడు! రోజూ కెమెరా ముందు తను పెట్టే మొహం అదే.

“సోమవారం నుంచి కూడా ఏడింటి వార్తలు నావే. నువ్వు చెప్పిందంతా ఆయన చెప్పారు.”

పాప వీపు తడుతున్న చెయ్యి ఆగిపోయింది. “సాయంత్రమైతే ఏడుపు ఆపదు. నావల్ల కావట్లేదు. నిన్నడిగితే ఎలాగూ ఒప్పుకోవని...”

“అడిగి చూడాల్సింది.”

అతని కళ్ల కింద నలుపు కనిపించింది. జాలి వేసింది. పాపను అందుకుంటూనే అడిగింది:

“ఇంకెవరికేం చెప్పావు?”

“ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఒట్టు.”

మళ్లీ అదే మొహం. ఎంతసేపు చూసినా, ఈసారి నిజమో అబద్ధమో ఆమెకు అంతుపట్టలేదు.