ఆయనగారి కొత్త కంప్యూటర్

"చేతులు తుడుచుకుని రా. తడి చేత్తో ముట్టుకునేవు, అది నీ గిన్నె కాదు" అన్నాడు మొగుడు హాల్లోంచి.

ఆమె అడుగంటిన పాలగిన్నె తోముతోంది. ఆదివారం. సెలవు ఆయనకి. గిన్నెకి లేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని వెళ్ళింది. బల్ల మీద తెల్లటి అట్టపెట్టె. దాని టేపు కూడా ఆయన కొయ్యలేదు. కత్తెర పక్కనే ఉంది. చెయ్యీ పక్కనే ఉంది. ఆ రెంటినీ కలపడానికి పెళ్ళాం రావాలి.

పెట్టెలో కొత్త కంప్యూటర్. పలకంత పలచగా ఉంది. ఆఫీసు పెద్దాయన ఇచ్చాడు. ఇప్పటిదాకా ఇంట్లో ఉన్నది వేరే రకం. బల్ల కింద పెద్ద డబ్బా, బల్ల మీద తెర, మధ్యలో చిక్కుపడ్డ తీగలు. ఇక ఆఫీసంతా ఈ కొత్త రకానికి మారుతుందట. అందరికన్నా ముందు ఈయన్ని మారుస్తున్నారట. బాగా పనిచేసేది ఈయనేనట.

అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మావాడి కష్టం ఊరికే పోలేదు. కళ్ళు పోగొట్టుకుని కూర్చున్నాడు ఆ తెర ముందు" అంది.

ఆమె కత్తెర అందుకుంది. టేపు కోసింది.

ఆ తెర ముందు ఎవరు కూర్చున్నారో ఆమెకి తెలుసు. పెళ్ళికి ముందు ఆమె ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేది. ఆ ఆఫీసు నడిపేది ఒక ఆడమనిషి. అందరూ పెద్దమేడమ్ అనేవారు. ఈయనదీ అదే పని, ఆఫీసు వేరు. ఒకింట్లో ఇద్దరూ గీస్తూ కూర్చుంటే వండేదెవరన్నాడు పెళ్ళయ్యాక. మానేసింది. మానేసి ఎన్నాళ్ళో కాలేదు, ఒక సాయంత్రం ప్లాన్ పట్టుకొచ్చి, "ఈ గోడ కాస్త జరిపిపెట్టవే, తల పగిలిపోతోంది" అన్నాడు. జరిపింది. ముందు గోడ. తర్వాత గది. తర్వాత ఇల్లు. ఆయన తలనొప్పి మాత్రం ఇన్నేళ్ళయినా తగ్గలేదు. ఆమె గీస్తుంటే సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూసేవాడు. ఎవరైనా ఇంటికొస్తే, "మా ఆవిడకి ఆ కంప్యూటర్లో పేకాట పిచ్చి లెండి" అని నవ్వేవాడు. వాళ్ళూ నవ్వేవారు. ఆమె లేచి టీ పెట్టడానికి వెళ్ళేది. తెర మీద ఎవరిదో మూడు గదుల ఇల్లు తలుపుల కోసం ఎదురుచూస్తూ ఉండేది.

ఆఫీసు వాళ్ళు ఒకసారి భోజనాలకి పిలిచారు. పెద్దాయన వచ్చి ఈయన భుజం తట్టాడు. "మీ ఆయన గీసిన వంటగది ఏ ఆడమనిషి చూసినా ఇక మారు మాట్లాడదమ్మా. పొయ్యి దగ్గర నిలబడితే చంటిపిల్ల ఆడుకునే చోటు కనబడాలట. బరువు గిన్నె దించుకోడానికి పక్కనే మోచేతి ఎత్తులో గట్టుండాలట. మగాడయ్యుండి ఇంత ఎలా ఆలోచిస్తాడో!" అన్నాడు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మొగుడు తల వంచుకుని, "ఏదో సార్, అలా తోస్తుంది" అన్నాడు. ఆమె కంచం పక్కన పెట్టేసింది. దారిలో అడిగింది, నా పేరు ఒక్కసారి చెప్తే ఏం పోయేదని. "నా పరువు పోయేది. అయినా మొగుడి పేరు పెళ్ళానిది కాదా? మనలో మనకి లెక్కలేంటే" అన్నాడు. లెక్క లేనిది ఎవరో ఆమెకి అప్పుడు అర్థమయింది. ఇంటికొచ్చి తాళం తీసి, ఆయన విప్పి పడేసిన చొక్కా ఎత్తి తగిలించింది.

మొన్న పెద్దమేడమ్ ఫోన్ చేసింది. "ఒక కుర్చీ ఖాళీ అయింది. నీ చెయ్యి నాకు గుర్తుంది. సోమవారం నుంచి వస్తావా? ఆదివారం సాయంత్రంలోగా చెప్పు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటా" అంది. ఆ మాట మొగుడి చెవిన వేస్తే ఎగిరిపడ్డాడు.

"నువ్వు అక్కడికి పోయి గీస్తే ఇక్కడ ఎవరు గీస్తారు?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. "అంటే... ఇల్లెవరు చూస్తారని" అని సర్దుకున్నాడు.

మేడమ్‌కి ఇంకా ఏ మాటా చెప్పలేదు. సాయంత్రంలోగా చెప్పాలి.

కొత్త కంప్యూటర్ మూత తెరిచింది. తెర వెలిగింది. ఏ భాష అని అడిగింది, ఏ ఊరు అని అడిగింది, పేరడిగింది. మొగుడి పేరు కొట్టింది. అప్పుడది యజమాని వేలు పెట్టమంది. మీటల పక్కన చిన్న గుండీలాంటిది ఉంది. దాని మీద వేలు ఆనిస్తే, ఇక ఆ వేలికే తెరుచుకుంటుంది.

"నీ వేలే పెట్టెయ్. నేనేమన్నా తెరిచేడుస్తానా?" అన్నాడు మొగుడు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆమె వేలు పెట్టింది. మళ్ళీ పెట్టమంది. పెట్టింది. గుర్తు పట్టలేకపోతున్నానంది. ఇంకో వేలు పెట్టింది. అదీ అంతే. వేళ్ళు చూసుకుంది. పొద్దుట్నుంచీ నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. కొసలు సబ్బుకి అరిగి నున్నగా అయిపోయాయి. చర్మం అక్కడక్కడ చిట్లింది.

మొగుడు పేపరు పక్కన పెట్టి తొంగి చూశాడు. చూసి పడీపడీ నవ్వాడు.

"అమ్మా, చూశావా? మిషన్‌కి కూడా తెలిసిపోయింది, ఇది అంట్లు తోముకునే రకమని!"

"ఖరీదైన వస్తువు కదరా, మనిషిని చూడగానే పోల్చుకుంటుంది" అంది అత్తగారు. ఆవిడా నవ్వింది.

ఆమెకి ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత ఒళ్ళంతా చల్లబడింది. ఆ చల్లదనంలో బుర్ర తేటపడింది. ఇన్నేళ్ళూ పాత డబ్బాకి తాళమన్నది లేదు. ఎవరు మీట నొక్కినా లేచేది. ఎవరు గీశారని అడిగేది కాదు. ఈ ఇంట్లో తనూ అలాగే ఉంది. ఎవరు పిలిచినా లేచేది. ఈ కొత్తదెవరో తెలివైంది, నువ్వెవరని అడుగుతోంది. ఎవరిదో చెప్పనిదే కదలనంటోంది. సరే, ఎవరిదో వాళ్ళకే అప్పజెబుదాం.

"మీ వేలు పెట్టండి" అంది.

"నీ చేతులు ఆరాక పెట్టుకోకూడదూ?"

"మీకిచ్చిన వస్తువు. పెట్టండి."

పెట్టాడు. వెన్నపూస లాంటి వేలు. ఏ గీతా చెరగలేదు. మిషన్ ఇట్టే పట్టేసుకుంది. ఇంకొక వేలు చేర్చాలా అని అడిగింది. ఆమె చేతులు అప్పటికి ఆరే ఉన్నాయి. వద్దని నొక్కింది. పాస్‌వర్డ్ పెట్టమంది.

"మీరే పెట్టండి. నేను అటు తిరుగుతా."

"నువ్వు చూస్తే ఏమయింది?"

"వద్దు. నాకు తెలియకూడదు."

మొగుడికి అది మర్యాదగా తోచింది. వేలితో ఒక్కొక్క మీటే వెతుక్కుంటూ కొట్టాడు. ఆమె గోడకేసి చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత పాత డబ్బాలో ఉన్న ప్లాన్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించింది. ఒక్కటీ వదల్లేదు. గీసే ప్రోగ్రాం రెండు రకాల మీదా నడుస్తుంది, మీటలే వేరు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చూపించింది. మూసేసే గుర్తు పాతదాంట్లో కుడివైపు, దీంట్లో ఎడమవైపు. కాపీ చేసే మీట మారింది. వేలితో పేజీ జరిపే తీరూ మారింది.

"ఇదేం తిక్కదే, పైకంటే కిందికి పోతోంది!" అని కసిరాడు.

"మళ్ళీ చెయ్యండి. అలవాటవుతుంది."

"నాకెందుకే ఈ పాఠాలు? నువ్వు నేర్చుకుంటే చాలదా?"

"నేను నేర్చుకున్నాను. ఇప్పుడు మీ వంతు. గోడ గీయాలంటే ఇక్కడ నొక్కాలి. గీయండి."

గీశాడు. గోడ వంకరపోయింది. "ఏడిసినట్టుంది" అన్నాడు. ఎవర్నన్నాడో ఆయనకే తెలియలేదు.

"వాణ్ణెందుకే అలా సతాయిస్తావు? పొద్దెక్కిపోయింది, వంట చూడు" అంది అత్తగారు. ఆమె లేచి వంట చేసింది. వడ్డించింది. గట్టు తుడిచింది.

భోజనాలయ్యాక మొగుడు తేన్చుకుంటూ వచ్చి సోఫాలో వాలాడు. "ఊఁ, ఇక కూర్చో. రేపు పొద్దున పెద్దాయనకి ఆ డాక్టరు గారింటి ప్లాన్ చూపించాలి. వంటగది మొన్నటి లాంటిదే వేసెయ్" అన్నాడు.

"అది నాకు తెరుచుకోదు" అంది.

"ఓసి నీ... అదొకటుంది కదూ." లేచి వచ్చి వేలు ఆనించాడు. తెర వెలిగింది. కుర్చీ ఆమె వైపు తోశాడు. "కూర్చో."

ఆమె నిలబడే చెయ్యి చాపి మూత వేసింది. నెమ్మదిగా. టక్కుమంది.

మొగుడు కాసేపు మూతని చూశాడు. మళ్ళీ తెరిచి వేలు పెట్టాడు. మళ్ళీ మూసింది.

"ఆటలుగా ఉందా?"

"ఆటలు కాదు. పేకాటైతే నాకు పిచ్చి. ఇది ఇల్లు. మీ ప్లాన్ మీరే గీసుకోండి."

అని ఫోన్ తీసింది. మొగుడు చూస్తుండగానే పెద్దమేడమ్‌కి చేసింది. "రేపు వస్తున్నాను మేడమ్" అంది. అంతే. ఫోన్ బల్ల మీద పెట్టింది.

మొగుడి మొహం జేవురించింది. "రేపు నేను పెద్దాయనకేం చూపించాలి? నా నోట మట్టి కొడతావా? ఎవర్నడిగి ఒప్పుకున్నావే?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ అరుపుకి నడుం వాల్చిన అత్తగారు లేచి వచ్చింది. కొడుకునీ చూసింది, మూసిన మిషన్నీ చూసింది. ఏమయిందని అడగలేదు.

"ఏం, చేసిపెడితే అరిగిపోతావా?" అంది కోడలితో. "గీసేది నువ్వని నాకు తెలియదనుకున్నావా? కాపరానికొచ్చిన ఏడాదే తెలుసు. మీ మామగారు బడిపంతులు. ఆయన పిల్లల పరీక్ష పేపర్లన్నీ ఎవరు దిద్దారనుకున్నావు? మర్నాటి పాఠం ఎవరు రాసిపెట్టారు? ఆయన సంతకం పెట్టేవారు. మంచి మేష్టారని సన్మానం చేస్తే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. ఒక్కనాడన్నా నోరెత్తానా?"

మొగుడు నోరు తెరిచాడు. "అమ్మా, నాన్న పేపర్లు నువ్వా..." అన్నాడు.

అత్తగారు కొడుకు వైపు తిరగలేదు. కోడల్నే ఉరిమి చూస్తోంది, జవాబు చెప్పు అన్నట్టు.

కోడలు జవాబు చెప్పింది.

"అప్పుడు మీరు నోరెత్తి ఉంటే, అత్తయ్యా, ఇవాళ నేను ఎత్తాల్సి వచ్చేది కాదు."