దోమలు మెచ్చిన చెయ్యి

దోమలున్న వలగూటి గుడ్డ తొడుగులోంచి కుడిచెయ్యి మోచేతిదాకా లోపలికి పెట్టి, గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది దోమలమ్మ. ఆ పేరు పెట్టింది ప్రయోగశాలలోని వాళ్ళే. పరిశోధనలకు కావలసిన దోమలను పెంచడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. మగవాటికి పంచదార నీళ్ళలో ముంచిన దూది చాలు. గుడ్లు పెట్టే ఆడవాటికి నెత్తురు కావాలి. ఆ నెత్తురు ఆమెదే.

పావుగంట గడిచింది. మూడంటే మూడు వాలాయి. మిగతావన్నీ మూలన మూతి ముడుచుకుని కూర్చున్నాయి.

పక్క గూట్లో తోడికోడలు చెయ్యి పెట్టీ పెట్టగానే ముసురుకున్నాయి. ఆరు నెలల కిందట ఆమెకు ఈ పని ఇప్పించింది దోమలమ్మే. అప్పట్లో దోమ కనిపిస్తే రెండు చేతులతో చప్పట్లు కొట్టే మనిషి!

"అక్కా, నావి అప్పుడే కడుపులు నింపేసుకున్నాయి!"

"నావి అంటావేంటే? అవి నేను పెంచినవాటి మునిమనవరాళ్ళు."

కడుపు మండిపోయింది. అత్తగారు చిన్నకోడలి చేతి కూర మారు వడ్డించుకుంటే భరించింది. ఆఖరికి దోమలు కూడానా?

నెలరోజులుగా ఇదే వరస. గుడ్లు పెట్టించే తడి కాగితాలు రెండింటినీ ఆ మధ్యాహ్నం ప్రయోగశాల పెద్ద మేడమ్ కిటికీ దగ్గర పెట్టి చూసింది. తోడికోడలిది గుడ్లతో మసి పూసినట్టు నల్లగా ఉంది. దోమలమ్మది దాదాపు తెల్లగానే ఉంది.

"ఇక ఒక్కరు చాలు. మీ రక్తం వాటికి పడటం లేదు. రేపట్నుంచి మీరు సీసాలు కడిగే గదికి వెళ్ళండి."

"సీసాలకు ఇంకెవర్నైనా చూసుకోండి. నేను మానేస్తున్నా."

ఆపుతుందేమోనని గుమ్మం దాకా నెమ్మదిగా నడిచింది. మేడమ్ ఆపలేదు.

సాయంత్రం తోడికోడలికి అన్నీ అప్పగించింది. "తొట్లలో దోమపిల్ల పురుగులకు చిటికెడు మేతపొడే వెయ్యి, ఎక్కువైతే నీళ్ళు కుళ్ళిపోతాయి. చేతికి సబ్బు వద్దు, పౌడరు వద్దు, ఘాటు వాసనున్నది ఏదీ..."

చెబుతూ కళ్ళు తుడుచుకుంది. కళ్ళు భగ్గుమన్నాయి. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. నొప్పి మందు! నెలరోజులుగా పొద్దున్నే ఎడమ భుజానికి రాసుకుంటోంది. దోమలకిచ్చేది కుడిచెయ్యి కదా అని నిశ్చింతగా ఉంది. రాసే వేళ్ళు కుడిచేతివే. సబ్బు కూడదు కనుక కడుక్కోనూ లేదు.

మేడమ్ గది పది అడుగుల దూరంలో ఉంది. వెళ్ళి ఒక్క మాట చెబితే పని నిలుస్తుంది. కానీ తాను నేర్పిన మొదటి పాఠం తానే తప్పానని ఈ తోడికోడలు వింటుండగా చెప్పాలా? చచ్చినా చెప్పదు.

"ఏంటక్కా, ఆగిపోయావు?"

"ఏం లేదు." దోమలమ్మ సంచిలోంచి మందు డబ్బా తీసి గూటి పక్కన అరమీద పెట్టింది. "గంటలకొద్దీ ఇలా కూర్చుంటే భుజం పట్టేస్తుంది. ఉంచుకో. దోమలకిచ్చే చేతికి మాత్రం రాయకు. ఎడమ భుజానికైతే పర్వాలేదు."

తోడికోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తోడబుట్టినదైనా నన్నింతకంటే చూసుకోదక్కా."

దోమలమ్మ చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. గేటు దాటాక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. తిరిగి రాలేదు.

అరమీద ఆ డబ్బా మూత సరిగా పట్టక ఓరగా ఉంది. లోపలి మందులో ఆమె కుడి చూపుడువేలు తవ్విన గుంట ఇంకా అలాగే ఉంది.